ఎర్ర చుక్క పడిన కోటు

కొండ కింది బస, మేడ మీది గది
మార్చి 4

అక్కా,

నిన్న సాయంత్రం చేరాను. ఒళ్ళు హూనమైంది గానీ క్షేమమే. ఫోన్ చెయ్యలేదు. బావ పోయిన సంగతి ఫోన్‌లో విన్నప్పటినుంచి నువ్వు ఆ వస్తువు జోలికి పోవడం మానేశావు. రెండు వీధుల అవతల ఉంటూ కూడా చీటీలు రాసుకున్నవాళ్ళం, ఇప్పుడు కొత్తేముంది. ఇక్కడి పోస్టు నీకు చేరడానికి నాలుగైదు రోజులు పడుతుందట.

"ఆయన ఎక్కి దిగని కొండే దొరికిందా నీకు" అన్నావు. ఆ తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు. జవాబు ఇప్పుడు చెబుతున్నాను. లిఫ్టు మెకానిక్‌ని, పన్నెండేళ్ళుగా తాళ్ళకి వేలాడుతూ బతుకుతున్నాను. ఆ తాడు పట్టుకోవడం నేర్పింది బావ. ఆయన ఎక్కడ ఆగిపోయాడో ఒక్కసారి చూసి, ఆ పైదాకా ఎక్కి, దిగాలని ఉంది. దిగాలని కూడా రాశాను, చూసుకో.

మే రెండో వారంలో శిఖరానికి బయలుదేరతాం. అప్పటిదాకా కాస్త ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. ఒంటికి పల్చటి గాలి అలవాటు చెయ్యాలట. మా గైడు ఒక వింత మనిషి. ఇవాళ పొద్దున్నే పెరట్లో టార్పాలిన్ పరిపించి, మేం తెచ్చుకున్న సామానంతా దాని మీద వరసగా పెట్టించాడు. బూట్లు, తాళ్ళు, కొక్కేలు, సాక్సులతో సహా. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో కుట్టూ గోటితో గీకి చూశాడు. పనికిరాని దాని మీద, ఎక్కడ పనికిరాదో అక్కడే ఎర్ర పెయింటుతో చుక్క పెట్టాడు. చుక్క పడిందా, ఇక బతిమాలినా కాళ్ళు పట్టుకున్నా ఆ వస్తువు పైకి రాదు. మేమంతా ఆయనకి చుక్కలాయన అని పేరు పెట్టాం. నా ఈకల కోటుకి మూడు చుక్కలు పడ్డాయి. "ఇది వేసుకుని మార్కెట్‌కి వెళ్ళొచ్చు" అన్నాడు.

నువ్వు కుట్టి ఉంటే ఒక్క చుక్కా పడేది కాదు. అడగకూడదని తెలిసే అడుగుతున్నాను.

నీ చెల్లెలు

---

కుట్టుమిషన్ల గది
మార్చి 11

ఒసే పిడుగూ,

మాట్లాడకపోతే నీకు బుద్ధొస్తుందనుకున్నాను. రాలేదు. నాకే నోరు ఎండిపోయింది.

చేతి తొడుగులు రెండు జతలు కుట్టి పంపుతున్నాను. లోపలి జత తియ్యకుండా పై జత తియ్యడం అలవాటు చేసుకో. పొట్లంలో పళ్ళ సందులు శుభ్రం చేసుకునే పళ్ళ దారం కూడా పెట్టాను. నవ్వకు. మీ బావ జేబులో ఆ మైనపు దారం లేకుండా గడప దాటేవారు కాదు. పిల్లల పళ్ళు చూసి గానీ డ్రిల్లు మొదలుపెట్టేవారు కాదు. బడి పిల్లలు ఆయన ఈల కంటే ఆ దారానికే ఎక్కువ భయపడేవాళ్ళు.

కోటు మాత్రం అడగకు. పరుపులు అడుగు, దిళ్ళు అడుగు, రాత్రికి రాత్రి కుట్టిస్తాను. ఈకల కోట్లు కుట్టడం తొమ్మిదేళ్ళ కిందటే మానేశానని వీధి చివర వాళ్ళకి కూడా తెలుసు. కారణం అడగకు. మంచిది అద్దెకి తీసుకో.

మేడమెట్లు ఎక్కితేనే ఆయాసపడే చెల్లెలు ఉంటే ఎంత హాయిగా ఉండేదో.

అక్క

---

కొండ కింది బస
మార్చి 20

అక్కా,

ముందు మిషన్ ఆపు. కూర్చో. కూర్చున్నాక చదువు.

అద్దె కోట్ల కొట్టు ఈ వీధి చివర ఉంది. రెండు గోడల నిండా కోట్లు వేలాడుతుంటాయి. కొట్టావిడ ఒక మూల స్వెటర్ అల్లుకుంటూ, మనుషుల్ని కాకుండా వాళ్ళ భుజాల్ని చూసి కొలత చెబుతుంది. నా భుజాలు చూసి "అటు చివర నీలం రంగుది" అంది. తీశాను. చెయ్యి దూర్చాను. మెడ పట్టీ తిరగబడి ఉంటే సరిచెయ్యబోయాను.

ఏడు కుట్లు, ఒక వెనక కుట్టు. మళ్ళీ ఏడు, మళ్ళీ ఒక వెనక కుట్టు. ఇలా కుట్టేది అమ్మ. అమ్మ తర్వాత నువ్వు. ఇంకెవరు కుడతారు అక్కా?

పట్టీ లోపల చివరి ముడి చూశాను. మన కొట్లో అలవాటు ఉందిగా, ఆఖరి ముడి తొడుక్కునేవాళ్ళ చేతే వేయించడం. బావకి సూది పట్టడం రాక, తెలిసిన ఒక్క ముడీ వేశాడు చూడు, తాళ్ళకి వేసే, 8 అంకెలా ఉండే ఎనిమిది ముడి. కుట్టు దారంతో ఎనిమిది ముడి వేసే మనిషిని ఇప్పుడే చూశానని నువ్వు నవ్వి నవ్వి కుర్చీలోంచి జారావు. ఆ ముడి ఇక్కడ ఉంది. బఠాణీ గింజంత. వేలు పెట్టి తడిమాను. అదే.

ఈ కోటు ఆయన ఒంటి మీద ఉండాలి కదా. పైన, మంచులో ఉండాలి కదా. ఇక్కడ కొయ్యకి ఎలా వేలాడుతోంది? కొట్టావిడని అదే అడిగాను. కోటు తన తల్లి కాలం నుంచి ఉందట, తల్లి పోయిందట, ఎలా వచ్చిందో తనకి తెలియదట. పైకి వెళ్ళేవాళ్ళకి కాదు, కిందికిందే నడిచేవాళ్ళకి ఇస్తుంటుందట. ఎందరో వేసుకున్నారట, ఒక్క బొత్తం తప్ప ఏమీ మార్చలేదట.

కోటు నా గదికి తెచ్చుకున్నాను. మంచం మీద పరిస్తే మనిషి పడుకున్నట్టుంది. చూడలేక మడిచి కుర్చీలో పెట్టాను.

నీ చెల్లెలు

---

కుట్టుమిషన్ల గది
మార్చి 26

చెల్లీ,

ఉత్తరం మిషన్ దగ్గర నిలబడే చదివాను. నువ్వు కూర్చోమన్నావని చివరికొచ్చాక గుర్తొచ్చింది. చేతిలోని సూది వేల్లో దిగి ఉంది. పక్క మిషన్ అమ్మాయి చెప్పేదాకా తెలియలేదు.

రెండు సంగతులు అడుగుతాను. రెండింటికే జవాబు రాయి, ఇంకేమీ రాయకు.

ఒకటి. మీ బావ కిందికి దిగి వచ్చారా? బతికి ఉన్నారా? ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా పొద్దున వీధి తలుపు చప్పుడైతే పరుగెత్తాను. పాలవాడు.

రెండు. ఎడమ చంక కింది కుట్టు చూడు. విడిపోయి ఉందా?

ఎందుకు అడుగుతున్నానో చెప్పాల్సిందే. తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఆయన బయలుదేరే రోజు పొద్దున ఎడమ చంక ఒక్కటే మిగిలింది. నైలాన్ దారం అయిపోయింది. కొట్లు తెరవడానికి ఇంకా రెండు గంటలుంది, బండికి గంటే ఉంది. పరుపులు కుట్టే నూలు దారంతో కుట్టేశాను. నూలు తడిస్తే బిగుసుకుంటుంది, గడ్డకడితే పుటుక్కుమంటుంది. తెలిసే కుట్టాను. ఆయనకి చెప్పలేదు. ఏమవుతుందిలే అనుకున్నాను.

చలికి పోయారని తర్వాత కొండ ఎక్కించే కంపెనీవాళ్ళ ఉత్తరం వచ్చింది. చలికి అన్న ఆ ఒక్క మాట చాలింది నాకు. ఎక్కడ తెగిందో, ఈకలు ఎలా రాలిపోయాయో, గాలి ఎటునుంచి దూరిందో నాకు తెలుసు. నా మొగుణ్ణి నా దారమే చంపిందనుకుంటూ ఇన్నేళ్ళూ దిళ్ళు కుట్టాను.

జవాబు రాయి.

అక్క

---

కొండ కింది బస
ఏప్రిల్ 2

అక్కా,

నీ ఉత్తరం చదివి బయటికి వెళ్ళి, ఎటు నడిచానో తెలియకుండా నడిచాను. తొమ్మిదేళ్ళు ఇది కడుపులో పెట్టుకున్నావా? ఆదివారం ఆదివారం మీ ఇంటికి వచ్చి, ఎదురుగా కూర్చుని తిని, లేచి వెళ్ళేదాన్ని. నాకేం తెలియలేదు. నన్ను నేను ఏమనుకోవాలి?

మొదటిదానికి జవాబు: రాలేదు అక్కా. బావ దిగి రాలేదు. చుక్కలాయనని అడిగాను. ఆ ఏడు కూడా ఆయనే గైడు. తన కళ్ళతో చూశాడట. ఆశ పెట్టుకోకు.

రెండోదానికి: కుట్టు విడిపోలేదు. నువ్వు అనుకున్నది జరగలేదు. ఎందుకంటే బావ ఆ కోటు వేసుకుని పైకి వెళ్ళనే లేదు. బరువెక్కువని కొట్లో దాచిపెట్టి, తేలికైనది ఒకటి తీసుకుని వెళ్ళాడట. తిరిగొచ్చి తీసుకుంటానన్నాడట. ఇంతే. నీ దారానికీ ఆయన పోవడానికీ ఏ సంబంధమూ లేదు. వింటున్నావా? ఏ సంబంధమూ లేదు. ఇక హాయిగా ఉండు.

రేపటినుంచి మూడు రోజులు పైన మొదటి క్యాంపులో ఉండి వస్తాం. ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని నడవడం నేర్చుకోవాలి. అద్దంలో చూసుకుంటే ఏనుగు పిల్లలా ఉన్నాను.

నీ చెల్లెలు

---

కుట్టుమిషన్ల గది
ఏప్రిల్ 8

చెల్లీ,

నీ ఉత్తరం అందిన పూట కడుపునిండా తిన్నాను. పక్క మిషన్ అమ్మాయి "ఏంటి పిన్నీ, మొహం వెలిగిపోతోంది" అంది. మర్నాటికి బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది.

బరువెక్కువా? నేను తూచి కుట్టిన కోటు అది. ఈకలు గుప్పెడు గుప్పెడు తూచి ఒక్కో అరలో నింపాను. అంతకంటే తేలికైన కోటు ఆ వెచ్చదనంతో ఉంటే నాకు చూపించు, మిషన్లు అమ్మేస్తాను.

ఇంకొకటి. నీ మొదటి ఉత్తరం తీసి చదివాను. మీ గైడు పనికిరాని వస్తువు మీద, ఎక్కడ పనికిరాదో అక్కడే ఎర్ర చుక్క పెడతాడని రాశావు. ఆ ఏడు కూడా ఆయనే గైడని నువ్వే రాశావు. కోటులో ఏడు కుట్లూ లెక్కపెట్టావు, వెనక కుట్టు చెప్పావు, ముడి బఠాణీ గింజంత ఉందన్నావు, బొత్తం మారిందన్నావు. ఎర్ర చుక్క ఉందో లేదో మాత్రం రాయలేదు.

చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టినప్పుడు కూడా ఇంతే. వంటింట్లో ఉన్నవన్నీ చెప్పి గ్లాసు సంగతి వదిలేసేదానివి.

చుక్క ఎక్కడుంది?

అక్క

---

కొండ కింది బస
ఏప్రిల్ 14

అక్కా,

ఎడమ చంక కింద ఉంది. సరిగ్గా కుట్టు మీద.

నీ దగ్గర దాచగలనని ఎలా అనుకున్నానో. ఇప్పుడు అంతా రాస్తాను, ఒక్క ముక్క మింగను.

కోటు తీసుకెళ్ళి చుక్కలాయన ముందు పెట్టాను. ఆయనకి మనుషులు గుర్తుండరు, కుట్లు గుర్తుంటాయి. చంక దగ్గర తడిమాడు. తర్వాత చెప్పాడు. "డ్రిల్లు మాస్టారు. నూలు దారం చూసి నేనే చుక్క పెట్టాను. మిగతా కోటంతా బంగారంలా ఉందమ్మా, ఆ జానెడు తప్ప. ఆయన కోప్పడలేదు. మా ఆవిడకి తెలియనివ్వొద్దండీ, నొచ్చుకుంటుంది అన్నాడు. కంపెనీ కోటు వేసుకుని వచ్చాడు."

కంపెనీ కోటు పల్చనా అని అడిగాను. నువ్వూ అదే అడుగుతావు కదా. నీ కోటంత మందం కాదన్నాడు. అబద్ధం చెప్పలేదు. కానీ ఇంకో మాట కూడా చెప్పాడు. "రెండు రోజులు ఆగకుండా కొట్టింది గాలి. పక్కనే ఇద్దరున్నారు. ఇద్దరివీ అన్నిటికంటే మందం కోట్లు. ముగ్గురూ ఒకే చోట, ఒకేలా పోయారు. ఆ గాలి ముందు కోటు ఒక లెక్క కాదు. మీ అక్కగారికి నా మాటగా రాయండి" అన్నాడు. రాశాను.

నమ్ముతావో లేదో నాకు తెలియదు. నేను నమ్ముతున్నాను. ఇది నీకు చెబితే, దారం తెగి పోయాడనే బాధ పోయి, దారం వల్ల మంచి కోటు వదులుకుని పోయాడనే బాధ పట్టుకుంటుందని భయపడ్డాను. అందుకే బరువు కథ అల్లాను. తిట్టు.

కుట్టు విడిపోలేదన్నది మాత్రం నిజం. నేను రెండు చేతులా లాగి చూశాను. తొమ్మిదేళ్ళు ఎందరెందరో తొడుక్కున్నా నీ నూలు దారం చెక్కుచెదరలేదు.

నీ చెల్లెలు

---

కుట్టుమిషన్ల గది
ఏప్రిల్ 20

చెల్లీ,

తిట్టడానికి ఓపిక లేదు. రెండు రోజులు మిషన్ తొక్కలేదు. నువ్వు భయపడిందే జరిగింది. ఆ మనిషి నా దారాన్ని చూసి, తల వంచుకుని, ఇంకొకరి కోటు తొడుక్కుని పైకి వెళ్ళారు. నాకు తెలియనివ్వొద్దన్నారు. నొచ్చుకుంటానట. అది చదివాక గోడకి ఆనుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. బయట పనివాళ్ళున్నారు.

కానీ నీ ఉత్తరంలో చివరి మాట నాకు ఎక్కడం లేదు. నూలు దారం తొమ్మిదేళ్ళు ఉండదు. మంచులో తడిసి ఆరి, తడిసి ఆరి, రెండేళ్ళకే పీచవుతుంది. నువ్వు రెండు చేతులా లాగితే ఆగిందంటే అది నూలు కాదు. నా దారం సంగతి నాకు తెలియదా?

చంక దగ్గర లోపలి గుడ్డ విప్పు. చిన్న కత్తెరతో, అంచు వెంబడి మాత్రమే. ఈకలు ఎగరకుండా తడిబట్ట పక్కన పెట్టుకో. లోపల ఏ దారం ఉందో చూసి రాయి.

అక్క

---

కొండ కింది బస
ఏప్రిల్ 26

అక్కా,

నువ్వు చెప్పినట్టే విప్పాను. కిటికీ దగ్గర, ఎండలో.

నీ నూలు దారం ఉంది. పీచైపోయింది, నువ్వన్నట్టే. ముట్టుకుంటే పొడి. దాని పక్కనే ఇంకో దారం. తెల్లగా, చదునుగా, మైనంతో. ముందు అర్థం కాలేదు. నువ్వు పంపిన పొట్లం బల్ల మీద ఉంది. అందులోంచి పళ్ళ దారం మూరెడు తెంపి పక్కన పెట్టాను. అదే అక్కా. పళ్ళ దారం.

కుట్టు కాదు అది. కుట్టడం రాని మనిషి చేసిన పని. సూది దించడం, తియ్యడం, ముడి వెయ్యడం. మళ్ళీ దించడం, తియ్యడం, ముడి. ప్రతి కుట్టుకీ ఒక ఎనిమిది ముడి. ముప్ఫయ్యొకటి. మూడుసార్లు లెక్కపెట్టాను. ఒక ముడి దగ్గర గోధుమరంగు మరక ఉంది. వేలు పొడుచుకుని ఉంటాడు.

ఎర్ర చుక్క చుట్టూ బట్ట రంగు వెలిసి ఉంది. ఇప్పటిదాకా గమనించలేదు. కిరసనాయిలుతో రుద్ది రుద్ది చూసి ఉంటాడు, పోలేదు.

చుక్కలాయన దగ్గరికి పరుగెత్తాను. తెల్లబోయాడు. తనకి తెలియదట. ముడులు వేలితో ఒక్కొక్కటే తడిమాడు. "చుక్క పడ్డాక నేను మళ్ళీ చూడనని మాస్టారికి తెలుసు. పైకి వేసుకోవడానికి కాదిది" అన్నాడు. మరెందుకు అని అడిగాను. "ఇంటికి వేసుకెళ్ళడానికి" అన్నాడు.

కంపెనీ కోటులో ఎక్కి, దిగి, ఈ కోటు తొడుక్కుని నీ ముందు నిలబడదామనుకున్నాడు. ఎలా ఉంది అంటే వెచ్చగా ఉంది అనేవాడు. నీకు ఎప్పటికీ తెలిసేది కాదు. తొమ్మిదేళ్ళు ఈ కోటుని పట్టి ఉంచింది నీ దారం కాదు, ఆయన ముడులు.

పన్నెండో తేదీన బయలుదేరతాం. వద్దంటే రాయి, ఆగిపోతాను. నిజంగానే ఆగిపోతాను.

నీ చెల్లెలు

---

కుట్టుమిషన్ల గది
మే 2

పిడుగూ,

నీ ఉత్తరం పనివాళ్ళందరి ముందూ గట్టిగా చదివాను. ఎందుకు చదివానో తెలియదు. బట్ట కత్తిరించే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ముప్ఫయ్యొక్క ముడులట, అన్నీ ఎనిమిది ముడులేనట అని నేను నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను, ఎప్పుడు ఏడుపైందో గుర్తులేదు.

ఈ ఉత్తరంతో పంపిన పార్సిల్ విప్పావుగా. నీకు చెప్పకుండా ఈ కోటు ఏప్రిల్ ఇరవయ్యో తేదీనే మొదలుపెట్టాను. వద్దన్నా వెళ్ళేదానివి, కనీసం నా కోటులో వెళ్ళు అని కసిగా మొదలుపెట్టాను. అంతా అయింది గానీ ఎడమ చంక దగ్గర చేతులు ఆగిపోయాయి. ఐదు రోజులు అలాగే మిషన్ మీద పడి ఉంది. నిన్న నీ ఉత్తరం వచ్చాక కూర్చుని కుట్టేశాను. నైలాన్ దారం, రెండు వరసలు. మీ చుక్కలాయనని గోటితో కాదు, పళ్ళతో లాగి చూసుకోమను.

ఆగిపొమ్మని రాయను. రాయాలని ఉంది. రాయను.

మెడ పట్టీలో చివరి ముడి నీకు వదిలాను. ఎనిమిది ముడే వెయ్యి. నీకు నేర్పిన ఆయన చూస్తే మెచ్చుకునేలా వెయ్యి.

పాత కోటు ఆ కొట్లో పెట్టకు. మనింట్లో ఇంకెవరూ కోటు కొట్లో దాచి పైకి వెళ్ళడానికి లేదు. విప్పిన అంచు అలాగే ఉంచు, ఒక్క ముడి కూడా కదపకు. చుక్కలాయన చేతికి ఇచ్చి వెళ్ళు. దిగాక నువ్వే తొడుక్కుని రా. ఆయన రావాలనుకున్నట్టు రా. గుమ్మంలో నిలబడి, వెచ్చగా ఉంది అక్కా అను. అబద్ధమైనా సరే, అను.

బీరువా మీద ఉన్న ఫోన్ దింపి, దుమ్ము దులిపి, మిషన్ పక్కన పెట్టుకున్నాను. దిగిన రోజు చెయ్యి. ఎత్తుతాను.

అక్క